కార్ప్స్ కాదు, కోర్

విజయనగరంలో మా కాలేజీ వార్షికోత్సవానికి యాంకరింగ్ నేనే చేశాను. మైకులో ‘నేషనల్ క్యాడెట్ కార్ప్స్’ అన్నాను. స్టేజీ దిగాక ఎన్‌సీసీ సారు పక్కకు పిలిచి, "కోర్ అనాలమ్మా. కార్ప్స్ అంటే శవం" అన్నారు. రెండూ ‘శరీరం’ అనే లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చినవే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఊరెళ్దామని కాంప్లెక్స్‌లో నిలబడితే బస్సు మీద డిపో పేరు కనబడింది. ఇంగ్లిష్‌లో దాని చివర టి ఉంటుంది. మా నాన్నమ్మ కూడా ఆ టి పలకదు! ఫ్రెంచి మాటల్లో చివరి హల్లు చాలాసార్లు పలకరు. పెళ్లిళ్లలో బొకే, బఫే కూడా అంతే.

నోరు తిరిగిన ఆ మూడింటి కిందే, నోట్‌బుక్‌లో తెలుగు లిపిలో రాసుకున్నాను: డెబ్రీ (debris, శిథిలాలు), బ్యాలే (ballet, ఒక నృత్యం), ర్యాపోర్ (rapport, సఖ్యత), కూ (coup, తిరుగుబాటు). మన లిపిలో రాస్తే తప్పు పలకడం కష్టం.

టికెట్ దగ్గర మాత్రం ఆగిపోయాను. అదీ ఫ్రెంచిదే, కానీ 1500ల్లోనే ఇంగ్లిష్‌లో కలిసిపోయింది, టి పలకాల్సిందే. బొకే వచ్చింది 1700ల్లో. అందుకే కొత్త మాటేదైనా డిక్షనరీ ఆడియోలో విన్నాకే రాస్తాను.

ఆగస్టు 15న మళ్లీ మైకు ఇచ్చారు. ‘కోర్’ అన్నాను. ముందు వరసలో సారు తల ఊపారు.