పడవ బ్యాటరీ చచ్చిందా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ 61 రోజులూ పడవ ఒడ్డునే ఉంటుంది, బ్యాటరీ పడవలోనే ఉంటుంది. జూన్ 15 తెల్లవారకముందే నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నె, ఇసకపల్లి వైపు నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బ్యాటరీ చచ్చింది, కొత్తది పట్టుకురా." తీరా వెళ్లి చూస్తే చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, దానికి అప్పజెప్పిన పనిది.

సెల్ఫ్ కొడితే టక్కుమంటుంది, ఇంజన్ తిరగదు

ముందు టెర్మినళ్లు చూడండి. ఉప్పుగాలికి తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటుంది. కరెంటు అక్కడే ఆగిపోతుంది. ముందుగా నెగటివ్ వైరు విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో బ్రష్ పెట్టి రుద్దండి. ఆ నీళ్లు సెల్‌లోకి మాత్రం పోకూడదు. గట్టిగా బిగించి వాజలీన్ పూయండి. ఒకసారి కొత్త బ్యాటరీ భుజాన మోసుకెళ్లి, ఇసకలో చెమటలు కక్కి, పాతదాంతోనే ఇంజన్ స్టార్ట్ చేసి, కొత్తదాన్ని మళ్లీ మోసుకొచ్చాను.

అప్పటికీ తిరగకపోతే మీటరు పెట్టండి. కొన్ని గంటలు కదపకుండా ఉంచిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కి దిగితే దాదాపు ఖాళీ. 12.6 చూపించి కూడా సెల్ఫ్ కొట్టగానే 9.6 కిందికి పడుతుంటే ప్లేట్లు అయిపోయాయనుకోండి. ఛార్జింగ్ లేకుండా రెండు నెలలు ఎండలో ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. మొదట్లోనే అయితే నిదానంగా ఛార్జ్ చేస్తే కొంత కరుగుతుంది. ముదిరాక ఏ మందు పోసినా దండగే. ఈసారి నిషేధానికి బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చుకుని నెలకోసారి నిండా ఛార్జ్ పెట్టండి.

రాత్రంతా లైట్లు వెలిగాయి, తెల్లారి స్టార్ట్ కాలేదు

ఎక్కువ డబ్బులు సముద్రం పాలయ్యేది ఇక్కడే. లారీ బ్యాటరీ ఒకటి పెట్టి సెల్ఫ్, లైట్లు, వైర్‌లెస్, జీపీఎస్ అన్నీ దాని నెత్తినే వేస్తారు. దాంట్లో ప్లేట్లు పల్చగా, ఎక్కువగా ఉంటాయి. కొన్ని సెకన్లు వందల ఆంపియర్లు ఇచ్చి ఊరుకోవడమే దాని పని. రాత్రుళ్లు పిండితే త్వరగా పోతుంది. లైట్లకు మెల్లగా, చాలాసేపు కరెంటు ఇచ్చే మందం ప్లేట్ల డీప్ సైకిల్ రకం కావాలి. మన దగ్గర సులువుగా దొరికేది ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్.

లెక్క వేయండి. లైట్లు, సెట్లు కలిపి 60 వాట్లు అంటే 5 ఆంపియర్లు. పది గంటలకు 50 ఏహెచ్ (ఆంపియర్ అవర్). లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 100 ఏహెచ్ కావాలి. దాన్ని లైట్లకే ఉంచి, సెల్ఫ్‌కు వేరే బ్యాటరీ పెట్టి, మధ్యలో మార్చే స్విచ్ వేయండి. పాతదాన్ని, కొత్తదాన్ని మాత్రం జత చేయొద్దు.

ట్యూబులర్‌తో చిక్కేమిటంటే, పడవ ఊగితే యాసిడ్ ఒలుకుతుంది. పెట్టెలో పెట్టి బెల్టుతో కట్టాల్సిందే. యాసిడ్ ఒలకకుండా సీలు వేసి వచ్చే ఏజీఎం రకానికి ఆ బాధ లేదు, నీళ్లూ పోయక్కర్లేదు. ధర మాత్రం ఎక్కువ.

నీళ్లు త్వరగా తగ్గిపోతున్నాయి, కుళ్లిన గుడ్డు వాసన

ఇంజన్ నడుస్తుండగా మీటరు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 15 దాటితే బ్యాటరీకి ఛార్జ్ ఎక్కువవుతోంది, ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసేది) రెగ్యులేటర్ పోయినట్టే, మార్చండి. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. దాంతోపాటు మండే హైడ్రోజన్ కూడా వస్తుంది, దగ్గర బీడీ వెలిగించొద్దు. పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. సముద్రపు నీళ్లు పడితే క్లోరిన్ పుడుతుంది, ఊపిరి ఆడదు.

లిథియం పెట్టించాం, ఉన్నట్టుండి అంతా ఆరిపోయింది

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ బరువు లెడ్‌లో సగం కూడా ఉండదు, 80 శాతం దాకా వాడుకోవచ్చు. కానీ 12.8 చూసి నిండుగా ఉందనుకుంటే మోసపోతారు. లెడ్‌కు అది నిండు, దీనికి అడుగంటిన లెక్క. చివరిదాకా 13 దగ్గరే నిలబడి, తర్వాత లోపల బ్యాటరీని కాపాడే సర్క్యూట్ (బీఎంఎస్) ఒక్కసారిగా కట్ చేస్తుంది. వోల్టులు కాకుండా వాడిన ఏహెచ్‌ను లెక్కపెట్టే మీటరు బిగించండి. ఇంకోటి, ఇది కరెంటును ఆబగా లాగేస్తుంది. చిన్న ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు, మధ్యలో కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాలి. ఆ ఖర్చు కూడా కలుపుకునే బేరమాడండి.

ఇంజన్‌కు చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటే దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్లకండి.