పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్ తెరిచే ముందు ఇవి చూసుకోండి

ముందు వయసు సంగతి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ దేనికైనా కనీసం 13 ఏళ్లు ఉండాలి, ఆస్ట్రేలియాలో అయితే 2025 డిసెంబర్ 10 నుంచి 16 లోపు వాళ్లకి అసలు ఈ అకౌంట్లే ఉండకూడదని రూల్ తెచ్చారు. పిల్లాడు మారాం చేస్తున్నాడని పుట్టిన సంవత్సరం మార్చి అకౌంట్ తెరిచే పేరెంట్స్ ఉంటారు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి, ఎందుకంటే 12 ఏళ్ల వాడికి 2000 అని కొడితే యాప్ వాడిని పెద్దవాడనే అనుకుంటుంది, ఇక పిల్లల కోసం పెట్టిన రక్షణలేవీ వాడికి వర్తించవు.

13 నిండాక అసలు వయసు ఇస్తే ఇన్‌స్టాలో టీన్ అకౌంట్ దానంతటదే వస్తుంది. అకౌంట్ ప్రైవేట్‌లో ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా నోటిఫికేషన్లు రావు, 16 లోపు వాళ్లు వీటిని సడలించాలంటే మీరు ఓకే చెప్పాలి.

స్నాప్‌చాట్ మ్యాప్‌లో ఘోస్ట్ మోడ్ ఆన్ చేయండి, లొకేషన్ ఎవరికీ కనపడదు. పాస్‌వర్డ్‌తో పాటు టూ స్టెప్ వెరిఫికేషన్ (లాగిన్ అయ్యేటప్పుడు అదనంగా ఒక కోడ్ అడిగే సెట్టింగ్) కూడా పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం ఇది: ఎవరైనా ఫొటోలు అడిగినా, బెదిరించినా నీ ఫోన్ లాక్కోను, తిట్టను, నాకు చెప్పు అని ముందే చెప్పి ఉంచండి, ఫోన్ పోతుందన్న భయంతోనే చాలామంది పిల్లలు దాచేస్తారు. అలా జరిగితే డబ్బులు పంపొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు, అకౌంట్‌ని రిపోర్ట్ కొట్టి, బ్లాక్ చేసి, వెంటనే పోలీసులకి చెప్పండి.