రోగాల లెక్కలు చదవడం నేర్చుకుందాం, 3వ పాఠం: ఎవరిని ఎవరితో పోల్చాలి?

పోయిన పాఠంలో రేటు కట్టడం నేర్చుకున్నాం. ఎంతమందికి జబ్బు చేసిందో చెబితే చాలదు, ఎంతమందిలో, ఎంత కాలంలో అన్నది కూడా కావాలని చూశాం. ఇప్పుడు దాని పై మెట్టు ఎక్కుదాం. రెండు గుంపుల రేట్లు వేరుగా ఉన్నాయని తేలింది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

చాలామంది తొందరపడేది ఇక్కడే. "వాళ్లకి శుభ్రత లేదు", "అలవాట్లు అలాంటివి", "వంశంలోనే ఉందేమో" అని ఏదో ఒకటి తేల్చేసి పేజీ తిప్పేస్తారు. ఇవన్నీ తప్పే కావాలని లేదు. పరీక్షించకుండా ఒప్పుకోవడమే తప్పు. పరీక్షకి ముందు కావలసింది మంచి జంట, అంటే చాలా విషయాల్లో ఒకేలా ఉండి, ఒకటి రెండింట్లో మాత్రం తేడా ఉన్న రెండు గుంపులు.

ఇలాంటి జంటలు వెతకడంలో ఒక డాక్టర్ పనిని కాస్త తీరిగ్గా చూద్దాం.

1900ల మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెల్లాగ్రా అనే జబ్బు బాగా ప్రబలింది. ఎండ తగిలే చోట చర్మం కమిలి పొరలు లేచేది, విరేచనాలు పట్టుకునేవి, ముదిరితే మతి తప్పేది, చివరికి ప్రాణమే పోయేది. ఇది అంటువ్యాధి అని అప్పట్లో చాలామంది డాక్టర్లు నమ్మారు. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. పేదల ఇళ్లలో, అనాథాశ్రమాల్లో, మానసిక రోగుల ఆసుపత్రుల్లో ఒకేచోట ఎక్కువమందికి వచ్చేది మరి. 1914లో ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ దీని సంగతి తేల్చమని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టర్‌ని పంపింది. ఆయన చూపు మొదట నిలిచింది ఒక చిన్న విషయం మీద. ఈ సంస్థల్లో ఉండేవాళ్లకి జబ్బు వస్తోంది, రోజూ వాళ్లని ముట్టుకుని సేవ చేసే నర్సులకీ సిబ్బందికీ రావడం లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ జంటని గమనించండి. ఇద్దరూ ఉండేది ఒకే కప్పు కింద, పీల్చేది ఒకే గాలి. అంటుకునే జబ్బయితే నర్సులని మాత్రం ఎందుకు వదిలేస్తుంది? మిగతావన్నీ కలిసిపోయాక తేడాగా మిగిలింది తిండి. లోపల ఉండేవాళ్లకి ఎక్కువగా దొరికేది మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, పంది కొవ్వు. సిబ్బందికి పాలు, మాంసం, గుడ్లు అందేవి.

పోలికతో పుట్టిన అనుమానాన్ని ఆయన మార్పు చేసి పరీక్షించాడు. అనాథాశ్రమాల్లో పిల్లలకి పాలు, గుడ్లు, మాంసం పెట్టించాడు. జబ్బు పోయింది. 1915లో మిసిసిపీలోని ఒక జైలు పొలంలో దీన్ని తిరగేసి చూశాడు. ఒప్పుకున్న ఖైదీలకి మొక్కజొన్న మీద ఆధారపడిన తిండే పెడితే, 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా లక్షణాలు కనిపించాయి. (విడుదల చేస్తామని ఆశ పెట్టి ఖైదీ చేత "సరే" అనిపించుకోవడాన్ని ఇవాళ పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. ఫలితం బాగుందని పద్ధతిని మెచ్చుకోనక్కర్లేదు.)

చాలా పుస్తకాలు ఈ కథని ఇక్కడే ముగిస్తాయి, కారణం పోషకాహార లోపం అని. మన పాఠానికి అసలు పనికొచ్చేది ఆ తరవాత జరిగింది.

సరైన తిండి ఎందుకు తినడం లేదు? ఈ ప్రశ్నతో గోల్డ్‌బెర్గర్, ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ అనే ఆర్థిక, గణాంక నిపుణుడితో కలిసి 1916 నుంచి సౌత్ కరోలినాలో నూలు మిల్లు కార్మికుల పల్లెలు పట్టుకున్నాడు. ఇంటింటికీ ఆదాయమెంత, ఏయే సరుకులు కొన్నారు, ఎవరికి జబ్బు చేసింది అన్నీ రాయించారు. ఆదాయం తగ్గేకొద్దీ పెల్లాగ్రా పెరిగింది. ఇది ఊహించదగ్గదే. అయితే ఇంకో సంగతి బయటపడింది. ఆదాయం దాదాపు ఒకేలా ఉన్నా కొన్ని పల్లెల్లో జబ్బు ఎక్కువ, కొన్నిట్లో బాగా తక్కువ. జబ్బు ఎక్కువున్న చోట చుట్టూ అంతా పత్తే, పాలూ తాజా మాంసమూ అమ్మేవాళ్లు లేరు. తక్కువున్న చోట చుట్టుపక్కల రైతులు రకరకాలు పండించి, పల్లెకి తెచ్చి అమ్ముతున్నారు.

అంటే చేతిలో నాలుగు డబ్బులున్నా కొందామంటే పాలు లేవు. అలాంటి ఇంటికెళ్లి "పాలు తాగండమ్మా" అని సలహా ఇస్తే ఏం లాభం? చర్మం మీద మచ్చ వెనక తిండి, తిండి వెనక కూలి, కూలితో పాటు ఊరి అంగడి, అంగడి వెనక పత్తి తప్ప వేరే పంటకి చోటివ్వని సాగు. లోపించిన విటమిన్ నియాసిన్ అని తెలిసింది 1937లో. అప్పటికి గోల్డ్‌బెర్గర్ చనిపోయి ఎనిమిదేళ్లయింది. విటమిన్ పేరు తెలియకుండానే జబ్బుని ఎలా ఆపాలో ఆయనకి తెలుసు. వెనక ఉన్న ఏ కారణాన్నయినా మార్చగలిగితే, చివరి రసాయనం దొరికేదాకా ఆగనక్కర్లేదు.

తేడా ఎప్పుడూ పేద, ధనిక అని రెండు ముక్కలుగా ఉంటుందనుకోకండి. లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో అందరూ ప్రభుత్వోద్యోగులే, ఎవరూ పస్తులున్నవాళ్లు కారు. అయినా అట్టడుగు హోదా వాళ్లలో గుండెజబ్బు మరణాలు పై అధికారులకంటే మూడు రెట్ల దాకా ఉన్నాయి. మధ్య హోదాల వాళ్లు మధ్యలో ఉన్నారు. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ కలిపినా ఆ తేడాలో సగం కూడా తేలలేదు. అందుకే లెక్కలు చదివేటప్పుడు రెండు చివరలే కాదు, మధ్య మెట్లు కూడా చూడండి.

ఇక వయసు. ఇది అందరినీ బోల్తా కొట్టిస్తుంది, కాబట్టి లెక్క కోసం కల్పించిన అంకెలతో చూద్దాం. రెండు ఊళ్లు, ఒక్కోదాంట్లో 10,000 మంది. మొదటి ఊళ్లో 60 దాటినవాళ్లు 3,000. ఏడాదిలో వాళ్లలో 90 మంది, మిగతా 7,000 మందిలో 14 మంది చనిపోయారు. మొత్తం 104. రెండో ఊళ్లో 60 దాటినవాళ్లు 1,000 మందే. వాళ్లలో 40 మంది, మిగతా 9,000 మందిలో 36 మంది పోయారు. మొత్తం 76. పైపైన చూస్తే రెండో ఊరే నయం. వయసులవారీగా విడదీయండి. పెద్దవాళ్లలో మొదటి ఊళ్లో వందకి 3, రెండో ఊళ్లో వందకి 4. చిన్నవాళ్లలో మొదటి ఊళ్లో వెయ్యికి 2, రెండో ఊళ్లో వెయ్యికి 4. ఏ వయసులో చూసినా రెండో ఊరే అధ్వానం. ఇంత పెద్ద సంగతి మొత్తం అంకె కింద దాక్కుంది.

ఇప్పుడు మీ వంతు. పెద్ద రోడ్డుని ఆనుకుని ఉన్న ఇళ్లలో పిల్లలకి ఆస్తమా ఎక్కువగా ఉందనుకోండి. కారణం వాహనాల పొగ అంటారు ఒకరు. రోడ్డు పక్కన అద్దె తక్కువ కాబట్టి డబ్బు లేనివాళ్లే చేరతారు, ఆ ఇళ్లలో చెమ్మ, బూజు ఉంటాయి, కారణం అదీ అంటారు ఇంకొకరు. ఇద్దరిలో ఎవరి మాట నిలుస్తుందో తేల్చడానికి ఏ రెండు గుంపులని పోల్చాలి? కాగితం మీద రాయండి. ఇద్దరూ ఒప్పే అయితే మీ అంకెలు ఎలా కనిపిస్తాయో కూడా ఊహించి రాయండి. ఆ తరవాత ఒక మెట్టు వెనక్కి వెళ్లి, రోడ్డు పక్కన అద్దె ఎందుకు తక్కువో, చెమ్మ బాగుచేయించాల్సింది ఎవరో రాయండి. సరైన జంట తట్టకపోతే ఏ సమాచారం దొరికితే ముందుకెళ్లగలరో రాసి ఉంచుకోండి, 4వ పాఠం దానితోనే మొదలవుతుంది.