మన ఉక్కపోతలో లాంగ్ రన్: ముందు కిడ్నీ, తర్వాతే టైమింగ్

మాది శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గ. మందుల షాపు నడుపుతాను. షాపు తెరిచేలోపు పరుగు, సైకిలు, వీలైనప్పుడు ఈత. హాఫ్ మారథాన్లు (21 కిలోమీటర్ల పరుగు), ట్రయాథ్లాన్లు (ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి) చేస్తుంటాను కాబట్టి ఊళ్లో పరుగు మొదలుపెట్టినవాళ్లు కౌంటర్ దగ్గర ఆగి సలహా అడుగుతుంటారు. ఆర్మీ, పోలీసు సెలక్షన్లకు తయారయ్యే కుర్రాళ్లు, షుగర్ వస్తుందేమోనని నడక నుంచి పరుగులోకి వచ్చిన నలభై దాటినవాళ్లు, అందరూ ముందు షూ గురించే అడుగుతారు. నేను మాత్రం అందరినీ ఒకటే అడుగుతాను: "క్రియాటినిన్ ఎంత ఉంది?" అంటే, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్షలో ఎంత వచ్చిందని.

బయటి ఊరివాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. షుగర్ లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు పాడైనవాళ్లు ఈ మండలాలు కలిసిన మా ఉద్దానంలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయంటే ఇక్కడ సమస్య ఎంత పెద్దదో అర్థం చేసుకోండి. ఈ జబ్బు బాగా ముదిరేదాకా పైకి ఏమీ కనిపించదు. మనిషి పొలం పని చేసుకుంటూ, పరిగెత్తుకుంటూ మామూలుగానే ఉంటాడు. అందుకే మొదటి లాంగ్ రన్ కంటే ముందు ఒక రక్త పరీక్ష, ఒక యూరిన్ పరీక్ష చేయించండి. రక్తంలో క్రియాటినిన్, యూరిన్‌లో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి జారే ప్రోటీన్). గట్టిగా పరిగెత్తిన మర్నాడు మాత్రం వెళ్లకండి. కండరాలు అలిసినప్పుడు క్రియాటినిన్ తాత్కాలికంగా పెరుగుతుంది, అనవసరంగా టెన్షన్ పడతారు. రెండు మూడు రోజులు విశ్రాంతి తీసుకుని వెళ్లండి. రిపోర్టులో తేడా ఉంటే ముందు డాక్టరు దగ్గరకు, తర్వాతే ట్రాక్ మీదకు.

చెమట లెక్క

సముద్రం పక్కన ఉండేవాళ్లం కదా, మనకు ఎండ ఒక్కటే కాదు, ఉక్క కూడా శత్రువే. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. గాల్లో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు. ఒళ్లు ఇంకా ఇంకా చెమట పోస్తూనే ఉంటుంది. నాలుగున్నరకు బయల్దేరితే చల్లగానే అనిపిస్తుంది గానీ తేమ ఎక్కువగా ఉండేది ఆ వేళలోనే. కాబట్టి తెల్లవారుజామే కదా అని నీళ్ల బాటిల్ ఇంట్లో వదిలేయకండి.

మీ ఒంటి లెక్క మీరే కట్టుకోవచ్చు. దీనికి వాచీలు, యాప్‌లు అక్కర్లేదు, బరువు చూసే మిషన్ ఒకటి ఉంటే చాలు. మా షాపులో ఉన్నది ఎంతమంది పరుగువాళ్లకు పనికొచ్చిందో! పరుగుకు ముందు మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టల మీద బరువు చూసుకోండి. రేసులో ఎంత వేగంతో వెళ్లాలనుకుంటున్నారో అదే వేగంతో గంటసేపు పరిగెత్తండి. మధ్యలో ఎంత తాగారో కొలిచి పెట్టుకోండి. తిరిగొచ్చాక తడి బట్టలు తీసేసి, తువ్వాలుతో ఒళ్లంతా శుభ్రంగా తుడుచుకుని మళ్లీ బరువు చూడండి. తడిసిన బనియను మీద చూస్తే లెక్క తప్పుతుంది, అది చాలా చెమట పట్టి ఉంచుతుంది. ఉదాహరణకు ముందు 68.4 కిలోలు, తర్వాత 67.2 కిలోలు, మధ్యలో తాగింది 300 మిల్లీలీటర్లు అనుకుందాం. తగ్గిన కిలో రెండొందల గ్రాములకు తాగిన 300 కలిపితే గంటకు లీటరున్నర చెమట పోయినట్టు.

ఇప్పుడు రెండున్నర గంటల హాఫ్ మారథాన్‌కు ఇదే లెక్క వేయండి. పోయేది దాదాపు మూడు ముప్పావు లీటర్లు. అంతా తాగక్కర్లేదు. బరువులో రెండు శాతానికి మించి తగ్గకుండా చూసుకుంటే చాలు. 68 కిలోల మనిషికి అది కిలో మూడొందల పైచిలుకు. మిగతాది, అంటే గంటకు ఇంచుమించు లీటరు, లోపలికి వెళ్లాలి. పరిగెత్తుతూ గంటకు లీటరు తాగడం అలవాటు లేని కడుపు వల్ల కాదు, వికారం మొదలవుతుంది. దీనికి రెండే దారులు: తాగడాన్ని కూడా ప్రాక్టీసు చేయడం, లేదా వేగం తగ్గించడం. వేగం తగ్గితే చెమట తగ్గుతుంది. రెండో దారినే నేను ముందు చెబుతాను.

పరుగు తర్వాత బరువు పెరిగితే అది ఇంకో ప్రమాదం. ఉప్పు లేని నీళ్లు లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, ముదిరితే ఫిట్స్ కూడా వస్తాయి. కిడ్నీకి మంచిదని కడవల కొద్దీ నీళ్లు తాగడం కూడా తప్పే.

ఏం తాగాలి? గంట లోపు పరుగుకు మంచి నీళ్లు చాలు. అంతకు మించితే ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చదవండి. రంగు రంగుల డబ్బాల్లో పళ్ల రుచితో దొరికే తియ్యటి నీళ్లన్నీ ఓఆర్ఎస్ కావు. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. చిక్కగా ఉంటే బలం అనుకుని అర లీటరులో కలిపేవాళ్లను చూశాను, అలా చేస్తే కడుపు తిరగబడుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు సమంగా నింపిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. కొబ్బరి నీళ్లు మన దగ్గర కావలసినన్ని దొరుకుతాయి, పరుగు అయ్యాక హాయిగా తాగండి. అయితే వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. అందుకే కొబ్బరి నీళ్లతో పాటు ఉప్పు తగిలిన తిండి కూడా ఉండాలి. బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ రిపోర్టులో తేడా ఉన్నవాళ్లు ఉప్పు, పొటాషియం విషయంలో నా మాట కాదు, డాక్టరు మాట వినండి.

నొప్పి మాత్ర అడగొద్దు

రేసు ముందు రోజు సాయంత్రం ఎవరో ఒకరు వస్తారు. "అన్నయ్యా, రేపు పరుగుంది, ముందే ఒక నొప్పి మాత్ర ఏసుకుంటే మోకాలు ఇబ్బంది పెట్టదు కదా?" నేను ఇవ్వను. వ్యాపారం పోయినా ఇవ్వను.

ఎందుకో వివరంగా చెబుతాను. చెమట పోయి ఒంట్లో నీరు తగ్గినప్పుడు రక్తం కండరాలకు, చర్మానికి మళ్లుతుంది, కిడ్నీకి వెళ్లేది తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలతో తన రక్తనాళాలను తెరిచి ఉంచుకుని ఎలాగో నెట్టుకొస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు నొప్పి తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్లను ఆపే. అంటే కిడ్నీకి సాయం బాగా కావలసిన వేళలోనే ఆ సాయాన్ని తీసేస్తున్నాం. దానికి తోడు, బాగా అలిసిన కండరాల నుంచి వచ్చే ప్రోటీన్‌ను వడకట్టే భారం కూడా కిడ్నీ మీదే పడుతుంది. ఏ ఊళ్లోనైనా ఇది ప్రమాదమే. మన ఉద్దానంలో ఇంకా ఎక్కువ ప్రమాదం. నొప్పి మాత్ర వేసుకుంటే గానీ పరిగెత్తలేని మోకాలికి కావలసింది విశ్రాంతి.

పరుగు తర్వాత కూడా నీళ్లు, తిండి పడి, మూత్రం లేత పసుపులోకి వచ్చేదాకా ఆ మాత్రల జోలికి పోవద్దు. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, కండరాలు పట్టేసి విపరీతంగా నొప్పి ఉన్నా, గంటలు గడిచినా మూత్రం రాకపోయినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పరుగు పెంచే తీరు

విశాఖలో నేవీ మారథాన్ లాంటి పెద్ద పరుగులు చలి మొదలయ్యే రోజుల్లో ఉంటాయి. కాబట్టి జులై, ఆగస్టులో సాధన మొదలుపెడితే సరిపోతుంది. అప్పటికి ఆగకుండా ఐదు కిలోమీటర్లు పరిగెత్తగలిగితే నాలుగు నెలల్లో 21 కిలోమీటర్లు కష్టం కాదు. వారానికి నాలుగు రోజులు చాలు. మూడు రోజులు చిన్న పరుగులు, ఆదివారం పెద్దది. పెద్ద పరుగును వారానికి కిలోమీటరు, కిలోమీటరున్నర చొప్పున పెంచుతూ 18 దాకా తీసుకెళ్లండి. ప్రతి నాలుగో వారం కాస్త తగ్గించండి. ఆఖరి రెండు వారాలు బాగా తగ్గించండి.

వేగం సంగతి. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ పరిగెత్తగలిగితే అదే మీ వేగం. మాట తెగుతోందంటే తగ్గించండి. కుర్రాళ్లకు ఇది ఎక్కదు, ప్రతి రోజూ సెలక్షన్ రోజులాగే పరిగెత్తుతారు. వేగంగా పరిగెత్తడానికి వారంలో ఒక్క రోజు పెట్టుకోండి. వేసవిలో సాధన మొదలుపెట్టినవాళ్లకు ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రెండు వారాలూ కిలోమీటర్లు లెక్కపెట్టకండి, నిమిషాలు లెక్కపెట్టండి.

దారి విషయంలో నా మాట వినండి, జాతీయ రహదారి మీద పరిగెత్తకండి. లారీలు, చీకటి, వెనక నుంచి లైట్లు. పలాస నుంచి వజ్రపుకొత్తూరు, అక్కుపల్లి వైపు వెళ్తే కొబ్బరి తోటలు, జీడితోటలు. పొద్దెక్కాక కూడా కాస్త నీడ ఉంటుంది. అక్టోబరులో తుపాన్లకు రెండు వారాలు ఖాళీ ఉంచుకుని ప్లాన్ వేసుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఈ తోటలు ఎలా కూలాయో చూసినవాళ్లం. అలాంటి రోజుల్లో తెగిన కరెంటు తీగల మధ్య పరుగేంటి? ఇంట్లో మెట్లు ఎక్కి దిగండి, చాలు.

తిండికి కొత్త ప్రయోగాలు వద్దు. ముందు రాత్రి అన్నం, పప్పు. పొద్దున్న బయల్దేరే ముందు అరటిపండు. గంట దాటాక ప్రతి గంటకూ 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఓఆర్ఎస్‌లో ఉండే గ్లూకోజ్ అందుకు చాలదు. ఒక అరటిపండు, రెండు మూడు చిన్న బెల్లం ముక్కలు జేబులో ఉంటే సరి. తిరిగొచ్చాక చద్దన్నం, మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ. దీన్ని మించిన రికవరీ తిండి నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

ట్రయాథ్లాన్‌కు వెళ్లాలంటే

స్ప్రింట్ అనే చిన్న దూరం ట్రయాథ్లాన్‌తో మొదలుపెట్టండి: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. తర్వాత ఒలింపిక్ దూరం, 1.5, 40, 10. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 (మొత్తం 70.3 మైళ్ల ట్రయాథ్లాన్) మీద చాలామందికి ఆశ. అందులో 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిలు, 21.1 పరుగు. మొదటి ఏడాదే దానికి వెళ్లొద్దు.

మనవాళ్లలో చాలామందికి ఈత బావిలోనో చెరువులోనో వచ్చింది. తల పైకెత్తి ఈదుతారు. తల లేస్తే కాళ్లు మునుగుతాయి, వంద మీటర్లకే ఆయాసం వస్తుంది. తల నీళ్లలో పెట్టి, పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవడం స్విమ్మింగ్ పూల్‌లో కోచ్ దగ్గరే నేర్చుకోవాలి. దీనికోసం విశాఖ వెళ్లిరావడం దండగ కాదు. సముద్రంలో నేర్చుకుందామని మాత్రం అనుకోకండి.

ఈత బాగా వచ్చాక సముద్రం. అప్పుడు కూడా ఒంటరిగా కాదు. నడుముకు రంగు బుడగ కట్టుకుని, ఒడ్డున ఒక మనిషిని పెట్టుకుని, జాలర్లను అడిగి దిగాలి. వాళ్లు "ఇయ్యాల వద్దు బాబూ, లోపలికి లాగేస్తాది" అన్నారంటే ఇంక వాదన లేదు, బట్టలు వేసుకుని ఇంటికి రావడమే. రెండు పక్కలా కెరటాలు విరుగుతూ, మధ్యలో ఒక చోట మాత్రం నీరు ప్రశాంతంగా ఉంటే దిగడానికి బాగుందనిపిస్తుంది. లోపలికి లాగే ప్రవాహం సాధారణంగా అక్కడే ఉంటుంది. అందులో పడితే ఒడ్డు వైపు పోరాడకండి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగండి. నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గర అసలు దిగొద్దు.

సైకిలుకు లక్షలు పోయనక్కర్లేదు. మొదటి స్ప్రింట్‌కు బ్రేకులు సరిగా ఉన్న గేర్ల సైకిలు చాలు. సైకిలు స్టాండ్ నుంచి తీసే ముందే హెల్మెట్ పెట్టి బకిల్ బిగించాలి, లేదంటే పెనాల్టీ పడుతుంది. తాగడం, తినడం ఎక్కువ భాగం సైకిలు మీదే అయిపోవాలి, పరుగులో కడుపు అంతగా ఒప్పుకోదు. సైకిలు దిగిన వెంటనే పరిగెత్తితే కాళ్లు మనవి కానట్టే ఉంటాయి. అది మామూలే. వారానికొకసారి గంట సైకిలు తొక్కి, దిగిన వెంటనే పదిహేను నిమిషాలు పరిగెత్తండి. కొన్నాళ్లకు అలవాటవుతుంది.

రేసు అయ్యాక ఇంటికొచ్చి బరువు చూసుకుని, సాధన రోజుల లెక్కతో పోల్చి పుస్తకంలో రాసుకోండి. రక్త పరీక్ష ఏడాదికొకసారి, సీజన్ మొదలయ్యే ముందు. పాత రిపోర్టులు పారేయకండి. క్రియాటినిన్ ఈసారి ఎంత ఉందన్న దానితో పాటు, పోయినేడాదికీ ఈ ఏడాదికీ ఎంత మారిందన్నది కూడా డాక్టరుకు కావాలి.