తెరిపిచ్చింది కదా అని తడి మిద్దెకు కోటింగ్ వేయకండి

పోయిన ఆదివారం సాయంత్రం మా వీధిలో ఒకరి ఇంటి సజ్జ నుంచి పెచ్చు ఊడి పడింది. చిన్నది కాదు, కూర్చునే పీట అంత ఉంది. కింద నిలబెట్టిన బండి ట్యాంకు లోపలికి నొక్కుకుపోయింది. అప్పటిదాకా ఆ బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్న పిల్లోడు మంచినీళ్ళ కోసం లోపలికి పోయాడు కాబట్టి బతికాడు. నేను వెళ్ళి చూస్తే సజ్జలో కమ్మి బయటపడి ఉంది, తుప్పు పొరలు పొరలుగా లేచి, వేలితో గీకితే రాలిపోతోంది. నీళ్ళు దిగకుండా వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించలేదా అని అడిగాను. "ఎందుకు వేయించలేదన్నా, మూడేళ్ళ కింద తుపాను పోయాక రెండ్రోజులు ఎండ కాసింది గదా, అప్పుడే మిద్దెకీ సజ్జలకీ అంతా కొట్టించాం" అంది ఆ ఇంటావిడ.

సమస్య సరిగ్గా అక్కడే ఉంది. నెల్లూరు, కావలి మధ్య ఇరవై ఏళ్ళుగా ఇళ్ళ పనులు చేయిస్తున్నాను. తూము శుభ్రం చేసుకోండి, మిద్దె మీద ఆకులు ఊడ్చండి అని చెప్పడానికి ఇది రాయడం లేదు, అవి మీకు తెలుసు. నేను చెప్పేది ఒక్కటే. తడి ఉన్న కాంక్రీటు మీద కోటింగ్ వేయొద్దు. కోటింగ్ అసలు వేయని ఇళ్ళ కంటే తడి మీద వేసిన ఇళ్ళే తొందరగా పాడవడం నేను కళ్ళారా చూశాను.

మిగతా జిల్లాల్లో జూన్ నుంచే వానలు పడతాయి, మన నెల్లూరు, ఒంగోలు వైపు మాత్రం అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు గానీ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు గానీ, వాన నిలిచిన మూడో రోజు నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది. అందరిదీ ఒకటే టెన్షన్, ఇల్లు కురుస్తోంది, ఇవాళ ఎండొచ్చింది, ఇంకో వాయుగుండం వచ్చేలోపల కోటింగ్ కొట్టించేయాలి అని. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, మంచం మీద నీళ్ళు పడుతుంటే ఎవరు ఆగుతారు. కానీ అప్పుడు కొట్టించిన కోటింగ్ వల్ల మేలు లేదు సరికదా, డబ్బు పెట్టి కీడు కొనుక్కున్నట్టు అవుతుంది.

కాంక్రీటు చూడటానికి రాయిలా ఉంటుంది గానీ లోపలంతా కంటికి కనబడని సన్నని నాళాలే. నెల రోజుల ముసురులో అది పీల్చుకున్న నీళ్ళు రెండ్రోజుల ఎండకు పోవు. పైన తెల్లగా ఆరినట్టు కనబడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఇక స్లాబు పైన టైల్స్ పలకలో, సున్నంతో ఇటుక ముక్కలు కలిపి వేసే జల్లో ఉంటే వాటి కింద నీళ్ళు వారాల తరబడి నిలుస్తాయి. అలాంటి స్లాబు మీద కోటింగ్ పూస్తే ఎండకు లోపలి నీళ్ళు ఆవిరై పైకి తంతాయి. పై దారి మూసేశారు కాబట్టి కోటింగ్‌ను పొంగించి బొబ్బలు చేస్తాయి, బొబ్బ లేవని చోట చెమ్మ కమ్మి చుట్టూనే కాపురం పెడుతుంది. మనది సముద్రపు గాలి, కాంక్రీటులోకి ఉప్పు కూడా దిగి ఉంటుంది. తడీ ఉప్పూ కలిస్తే ఇనుము ఎంతకాలం ఆగుతుంది? తుప్పు పట్టిన ఇనుము మామూలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి పెచ్చులు కింద పడతాయి.

కోవూరులో మా బావ వాళ్ళ ఇంటికి నేను ఊళ్ళో లేనప్పుడు ఇలాగే తెరిపిలో కొట్టించారు. ఫిబ్రవరిలో మిద్దె ఎక్కి చూస్తే మూలమూలనా అరచేతంత బొబ్బలు. ఒకదాన్ని మడమతో నొక్కాను. పక్కన ఉన్న సన్న చీలికలోంచి నీళ్ళు చిమ్మి నా కాలి మీద పడ్డాయి, డికాక్షన్ రంగులో, ఎండకు గోరువెచ్చగా ఉన్నాయి. అప్పటికి వాన చుక్క పడి నెల దాటింది. రెండు బకెట్ల కోటింగ్, నలుగురి కూలి మట్టిపాలు, పైగా అదంతా గీకించడానికి మళ్ళీ కూలి.

ఇది మన సముద్రతీరానికే ఉన్న రూలు కాదు. మా అన్న కొడుకు అమెరికాలో కొలరాడో కొండల్లో ఉంటాడు. అక్కడ కాంక్రీటులోకి దిగిన నీళ్ళు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతాయి, పగలు కరిగి రాత్రి గడ్డకట్టీ గడ్డకట్టీ ఇంటి ముందు బాట పైపొర ఊడొస్తుంది. అందుకని మంచు కాలానికి ముందే సైలేన్, సైలాక్సేన్ రకం సీలర్ పూయిస్తారు. అది లోపలికి ఇంకుతుంది, పైన పొర కట్టదు, నీళ్ళను రానివ్వదు గానీ లోపలి ఆవిరిని పోనిస్తుంది. అంత మంచి మందుకు కూడా అక్కడ మొదటి షరతు కాంక్రీటు ఆరి ఉండాలనే. మనకు ఆ రకం సజ్జలకూ పిట్టగోడలకూ పనికొస్తుంది, నీళ్ళు నిలిచే మిద్దెకు అది చాలదు, మిద్దెకు పొర కట్టే కోటింగే కావాలి. పొర కట్టేదంటే ఇంకా బాగా ఆరి ఉండాలి.

ఆరిందో లేదో కళ్ళతో చూసి చెప్పొద్దు, నేను కూడా చెప్పలేను. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పారదర్శకమైన పాలిథిన్ షీటు తీసుకుని మిద్దె మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించండి. సాయంత్రం అంటిస్తే మర్నాడు పదింటికి చూడండి, కనీసం 16 గంటలు ఉండాలి. షీటు లోపలి వైపు నీటి బొట్లు పట్టినా, కింద కాంక్రీటు నల్లబడినా తడి ఉన్నట్టే. ఒక్క చోట చాలదు, ఎండ పడని మూలన ఒకటి, తూము దగ్గర ఒకటి, నడిమధ్య ఒకటి. పది రూపాయల షీటు, ఒక రాత్రి. దీనికి కూడా ఓపిక లేదనే వాళ్ళకు నేను పని చేయను.

కోటింగ్‌కు మంచి కాలం వేసవి. ఏదైనా మిగిలితే ఉత్తర కార్తెలో, అంటే సెప్టెంబరు చివరికల్లా, ముగించేయాలి. హస్తలో కూడా వానలు పట్టకపోతే, షీటు పరీక్ష నెగ్గితే చేయొచ్చు. చిత్త వచ్చాక, అంటే అక్టోబరు రెండో వారం నుంచి, మొదలుపెట్టొద్దు. స్వాతి, విశాఖల్లో బకెట్ ముట్టుకోవద్దు. రోహిణి ఎండల్లో అయితే మిట్టమధ్యాహ్నం పూయొద్దు, మాడుతున్న స్లాబు మీద కోటింగ్ పట్టు దొరక్కుండానే ఎండిపోతుంది. ఎండ ఎక్కే వేళ కంటే దిగే వేళ మేలు, స్లాబు చల్లబడుతూ కోటింగ్‌ను లోపలికి లాక్కుంటుంది.

ఇక పని దగ్గర చూసుకోవాల్సినవి, గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను.

పాచి మీద పూయొద్దు. వైర్ బ్రష్‌తో గీకి, కడిగి, మళ్ళీ ఆరనివ్వాలి, కడిగిన రోజే పూస్తే అది కూడా తడి మీద పూసినట్టే.

బాత్రూము యాసిడ్‌తో కడగొద్దు. అందులో ఉండే క్లోరైడ్ పగుళ్ళలోంచి దిగి కమ్మిని తినేస్తుంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో మాలు, అంటే సిమెంటూ ఇసుకా, కలపొద్దు, క్యూరింగ్‌కు వాటితో తడపొద్దు. సముద్రపు ఇసుక మాట ఎత్తొద్దు.

కొత్త స్లాబుకు 28 రోజులు నిండాలి, ఆ తర్వాత ఆరాలి, ఆ తర్వాతే కోటింగ్.

పగులు మీద ఊరికే కోటింగ్ పులమొద్దు. వి ఆకారంలో గాడి తీసి పాలిమర్ మాలుతో నింపాలి.

పిట్టగోడ, స్లాబు కలిసే మూలే ముందు కురుస్తుంది. అక్కడ మాలుతో గుండ్రంగా తిప్పి, మెష్ వేసి, అప్పుడు పూయండి.

వాటం చూడండి. పది అడుగులకు అంగుళం అయినా తూము వైపు దిగాలి. నీళ్ళు నిలిచే గుంట ఉంటే ఏ కంపెనీ కోటింగూ కాపాడదు.

డబ్బా మీద రాసినదాని కంటే చుక్క నీళ్ళు ఎక్కువ కలపనివ్వొద్దు, కలిపేటప్పుడు దగ్గరే ఉండండి. రెండు పూతలు వేయాలి, రెండోది మొదటిదానికి అడ్డంగా, మధ్యలో డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి.

చల్లదనం కోసం వేసే తెల్ల పెయింట్ వేరు, వాటర్‌ప్రూఫ్ వేరు. అడిగి కొనండి.

లోపల సీలింగ్‌కు వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేసి మరక దాచొద్దు. నీళ్ళు పైనుంచి వస్తుంటే కింద మూత పెట్టినట్టు, స్లాబు మొత్తం నానిపోతుంది.

బయటపడిన కమ్మిని సిమెంటుతో కప్పేయొద్దు. కమ్మి వెనక వరకు చెక్కి, తుప్పంతా దులిపి, తుప్పు పట్టనివ్వని ప్రైమర్ పూసి, అప్పుడు మాలు వేయాలి. కమ్మి సన్నబడిపోయి ఉంటే మేస్త్రీతో కాదు, ఇంజనీరును పిలవండి.

తడి మిద్దె మీద నడవొద్దు. పిట్టగోడ పక్కన కరెంటు తీగ ఉంటే పొడుగు కర్రల రోలర్ వాడొద్దు.

వానల మధ్యలో ఇల్లు కురుస్తుంటే టార్పాలిన్ కప్పండి, గాలికి లేవకుండా కట్టండి, ఎండ రాగానే తీసేయండి, కింద తడి మగ్గనివ్వొద్దు. తుపాను గాలి హెచ్చరిక వస్తే ముందే దించేయండి. కోటింగ్ మాత్రం వద్దు.

ఇప్పటికే తడి మీద కొట్టించేసి బొబ్బలు లేచి ఉంటే వాటిని కోసి గాలి ఆడనివ్వండి, పైన ఇంకో కోటు వేయొద్దు.

సజ్జల కింద నిలబడొద్దు, పక్కన నిలబడి పొడుగు కర్రతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే ఆ కింద బండి పెట్టొద్దు, మంచం వేయొద్దు, పిల్లల్ని ఆడనివ్వొద్దు, ఆ పెచ్చును మనిషిని పెట్టి దించేయండి.

మా వీధిలో ఆ ఇంటాయన మర్నాడే రెండు బకెట్లు తెచ్చి పెట్టుకున్నాడు, మేస్త్రీకి అడ్వాన్సు కూడా ఇచ్చాడు. అంతకుముందు వారం రెండు పెద్ద వానలు పడ్డాయి. ఆ సాయంత్రం నేనే ఆయన మిద్దె మీద మూడు చోట్ల షీట్లు అంటించి వచ్చాను. పొద్దున ఆయన్ని పైకి తీసుకెళ్ళి చూపిస్తే మూడింటి కిందా బొట్లే. బకెట్లు మెట్ల కింద పెట్టించాను, సంక్రాంతి దాటాక మళ్ళీ షీటు వేసి చూద్దామని చెప్పాను.