ఇంగ్లండ్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్తున్నారా? ముందు బీరువా వెనక చూడండి

పోయిన నెల లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఒక తమ్ముడికి తోడుగా ఇల్లు చూడ్డానికి వెళ్లా. పది నిమిషాలు కూడా కాలేదు, "బాగుందన్నా, స్టేషన్ ఆరు నిమిషాలే, కిందే మన కూరగాయల షాపు" అని హోల్డింగ్ డిపాజిట్ (ఇల్లు మనకోసం ఆపి ఉంచడానికి ఇచ్చే అడ్వాన్సు) కట్టడానికి ఫోన్ తీసేశాడు. బయట చలికి చేతులు కొంకర్లు పోతుంటే బెడ్రూం కిటికీ మాత్రం బార్లా తీసుంది. ఈ చలిలో కిటికీ ఎవడు తీసిపెడతాడ్రా అని బీరువా కొంచెం జరిపి చూస్తే గోడంతా నల్లటి చుక్కలు. ఏజెంట్ నవ్వి "జస్ట్ కండెన్సేషన్" అన్నాడు, అంటే ఇంట్లో ఆవిరి చల్లటి గోడకి తగిలి నీరవడమే అని.

నాకూ అదే మాట చెప్పారు ఒకప్పుడు, రెడింగ్‌లో. కొత్త పెయింట్ వాసన వస్తుంటే ఓనర్ ఎంత మంచోడో అనుకున్నా, నా తెలివి అలా ఏడ్చింది. నవంబర్ వచ్చేసరికి ఆ పెయింట్ పొరలు పొరలుగా ఊడింది, మంచం కింద సూట్‌కేసులో పెట్టిన పెళ్లి పట్టుపంచె మడతల్లో బూజు. ఫోన్ చేస్తే మీరు అన్నం ఎక్కువ వండుతున్నారు, బట్టలు ఇంట్లో ఆరేస్తున్నారు అన్నారు. కొంత నిజమే అనుకోండి, రైస్ కుక్కర్ ఆవిరి, రేడియేటర్ మీద తడి జీన్స్, నేనూ తక్కువ తినలేదు. కానీ గోడ నేను రాకముందే తడిసింది.

ఇక్కడ అద్దెకుండే హక్కు ఉందని చూపించే షేర్ కోడు, పేస్లిప్పులు, అవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. ఇల్లు చూసేటప్పుడు మాత్రం బయటిగోడ మూలల్లో అరచెయ్యి ఆనించండి, చల్లగా ఉండడం వేరు, చెమ్మగా ఉండడం వేరు, తేడా తెలిసిపోద్ది. బాత్రూం ఫ్యాన్ వేసి దానికి టాయిలెట్ పేపర్ ముక్క ఆనించండి, అది అతుక్కోకుండా కింద పడితే ఫ్యాన్ చప్పుడుకే ఉన్నట్టు. హీటింగ్ గ్యాసా కరెంటా అడగండి, కరెంటు అయితే బిల్లుకి భయపడి హీటర్ వెయ్యరు, వెయ్యకపోతే మళ్లీ చెమ్మే. ఈపీసీ, అంటే ఇల్లు కరెంటు, గ్యాస్ ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే సర్టిఫికెట్, ఆన్‌లైన్‌లో ఫ్రీగా కనపడుద్ది, మామూలుగా అందులో E గ్రేడ్ కంటే తక్కువున్న ఇల్లు అద్దెకివ్వకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, ఏజెంట్ మన మనిషి కాదు, వాడికి డబ్బులిచ్చేది ఓనర్. అలాగని ఏజెంట్ వద్దు, వాట్సాప్ గ్రూపులో దొరికిన రూమ్ చాలు అనకండి, అక్కడ అగ్రిమెంట్ ఉండదు, అడ్రస్ ప్రూఫ్ ఉండదు, డిపాజిట్ ఎవడి జేబులో ఉందో దేవుడికెరుక. ఏజెంట్ ఉంటే కాగితాలన్నా ఉంటాయి. బాగున్నవి ఎలాగూ వాడే చెప్తాడు, బాగోలేనివి మనం వాడి నోటితో చెప్పించాలి. పాత టెనెంట్లు ఎందుకు ఖాళీ చేశారు, డ్యాంప్ (చెమ్మ) ఎప్పుడైనా ఉందా, ఈ రెండూ మొహమాటం లేకుండా ఈమెయిల్‌లో అడగండి. నోటితో ఎన్నైనా చెప్తారు, రాతలోకి వచ్చేసరికి ఆచితూచి మాట్లాడతారు. గట్టిగా అడిగితే ఇల్లు ఇవ్వరేమో అని మన పిల్లలకి ఒక భయం. ఇవ్వకపోతే పోనీండిరా బాబూ.

డబ్బులు కట్టాక మనసు మారితే హోల్డింగ్ డిపాజిట్ పోయినట్టే, కాబట్టి అడగాల్సినవి ముందే అడగండి. నెలకి 1,300 పౌండ్ల అద్దె అయితే అది వారం అద్దె, అంటే 300 దాటకూడదు. అసలు డిపాజిట్ ఐదు వారాల అద్దె, అంటే 1,500 దాటకూడదు. 2019 జూన్ 1 నుంచి అగ్రిమెంట్ ఫీజు, రెఫరెన్స్ ఫీజు అని ఏజెంట్ మన దగ్గర వసూలు చెయ్యడానికి లేదు, అడిగితే నవ్వి ఊరుకోండి.

ఇంత భయపెట్టా కాబట్టి ఒక మాట చెప్పాలి, తప్పదు. డిపాజిట్ 30 రోజుల్లోపు ప్రభుత్వం ఒప్పుకున్న స్కీములో పెట్టాలి, ఓనర్ తినేస్తానంటే కుదరదు, నాది పూర్తిగా వెనక్కొచ్చింది, దిగిన రోజు తీసిన ఫోటోలు ఉన్నాయి కాబట్టి. 2026 మే 1 నుంచి వచ్చిన రూల్స్‌తో కొత్తగా దిగేవాళ్లని ఒక నెలకి మించి అద్దె ముందే కట్టమనకూడదు, ఇల్లు నచ్చకపోతే రెండు నెలల నోటీసు ఇచ్చి వెళ్లిపోవచ్చు. మా రోజుల్లో ఆరు నెలలు ముందే కట్టి, ఏడాది ఆ బూజులోనే ఉన్నాం.

తమ్ముడు ఆ ఇల్లు వదిలేసి బార్కింగ్‌లో ఇంకోటి తీసుకున్నాడు. గోడలు పొడిగా ఉన్నాయి. స్టేషన్‌కి పద్దెనిమిది నిమిషాలు నడవాలన్నా అని రోజూ గొణుగుతున్నాడు. నడవనీ.