సమ్మర్ క్యాంపు మొదలయ్యే ముందు: చివరి పిల్లాడు ఎవరి దగ్గర మిగులుతున్నాడు?

ఈ మధ్య మా వైపు ఒక కాలనీలో జరిగింది విన్నాక ఇది రాయక తప్పలేదు. అక్కడి క్యాంపులో డ్రాయింగ్ నేర్పే కుర్రాడు చాలా మంచివాడని పేరు. ఏడో తరగతి చదివే ఒక పిల్లాడి అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్తులే, ఇల్లు చేరేసరికి ఏడు దాటేది. "పర్లేదాంటీ, బండి మీద నేను దిగబెట్టేస్తాను" అన్నాడు ఆ కుర్రాడు. రోజూ దిగబెట్టాడు. వాళ్ళమ్మ ఊరినుంచి వచ్చిన మామిడిపళ్ళు కూడా అతనికి కవర్లో కట్టి ఇచ్చింది. కొన్నాళ్ళకి పిల్లాడు క్యాంపుకి వెళ్ళనని మొండికేశాడు. అడగ్గా అడగ్గా, ఆ కుర్రాడు తనని తప్పుగా తాకుతున్నాడని బయటపెట్టాడు. కమిటీ పెద్దలు కూర్చున్నారు, కాలనీ పరువు పోతుందన్నారు, కుర్రాణ్ణి పిలిచి రేపటినుంచి రావద్దన్నారు. అంతే. ఇప్పుడతను నగరంలోనే ఇంకోచోట పిల్లలకి డ్రాయింగ్ నేర్పుతున్నాడు.

ఏప్రిల్ ఆఖర్లో బడులు మూసిన దగ్గర్నుంచి జూన్‌లో తెరిచేదాకా విశాఖలో ఎక్కడ చూసినా క్యాంపులే. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, కమ్యూనిటీ హాళ్ళలో, గుడి ఆవరణల్లో చెస్, యోగా, కథలు, స్పోకెన్ ఇంగ్లీష్. చాలావాటిలో నేర్పేవాళ్ళు పైసా తీసుకోరు. నిజంగా మంచి పని. కానీ ఊరికే వచ్చి నేర్పేవాణ్ణి నాలుగు ప్రశ్నలు అడగాలంటే మనకి మొహమాటం అడ్డొస్తుంది.

గుడ్ టచ్, బ్యాడ్ టచ్ సంగతి ఇక్కడ రాయను, బడుల్లో చెబుతూనే ఉన్నారు. సీసీ కెమెరాల గురించీ రాయను. కెమెరా గేటు దగ్గర ఉంటుంది, మేడ మీద సామాన్ల గదిలో ఉండదు.

వాలంటీర్లను తీసుకునేటప్పుడు

ఇంతకుముందు ఎక్కడ నేర్పాడో అడగండి. అక్కడివాళ్ళ నంబరు మీరే సంపాదించి ఫోన్ చేయండి, అతనిచ్చిన నంబరుకి కాదు. "మనిషెలాంటివాడు?" అంటే ఎవరైనా మంచివాడనే చెబుతారు. "మళ్ళీ మీ పిల్లల్ని అతని దగ్గరికి పంపుతారా?" అని అడగండి. అవతలివాళ్ళు నసిగితే మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

పోలీస్ వెరిఫికేషన్ చేయించడం మంచిదే. అయితే అందులో తెలిసేది కేసులున్నాయా లేవా అన్నది ఒక్కటే. పైన చెప్పిన కుర్రాడి మీద ఈ రోజుకీ ఏ కేసూ లేదు. కాయితం శుభ్రంగా ఉందని కాపలా తగ్గించకండి.

ఆధార్ కాపీ, ఫోటో, ఇంటి అడ్రసు తీసి ఫైల్లో పెట్టండి. సెక్రటరీగారి మేనల్లుడైనా సరే.

ఇంటికి పంపేటప్పుడు

నేను చూసినంతలో కొంపలు ముంచే తప్పు ఇక్కడే జరుగుతోంది. క్లాసు నడుస్తున్నంతసేపూ హాలు నిండా పిల్లలుంటారు, ఇద్దరు ముగ్గురు పెద్దలుంటారు, ఎవరో ఒక అమ్మమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. అప్పుడు పెద్దగా భయం లేదు. ఆరింటికి క్లాసు అయిపోతుంది. ఆరుంపావుకి సగం మంది వెళ్ళిపోతారు. ఆరున్నరకి ముగ్గురుంటారు. సింహాచలం వైపు వెళ్ళాల్సిన వాలంటీరు బస్సు దొరకదని బయల్దేరిపోతాడు. ఆరూ నలభైకి ఒక పిల్లాడు, ఒక పెద్దమనిషి, తాళంచెవులు. ఈ ముగ్గురే మిగులుతారు.

రోజూ మిగిలేది ఆ పిల్లాడే. వాళ్ళ నాన్నకి షిఫ్టు, అమ్మకి ఆఫీసు దూరం. తప్పుడు ఆలోచన ఉన్నవాడికి ఈ లెక్క రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత "ఆంటీ, మీరు కంగారు పడకండి" అని తనే ముందుకొస్తాడు. తల్లిదండ్రులకి అదొక సాయం, పైగా రుణపడిపోయామన్న భావం. అమ్మ రోజూ థాంక్స్ చెప్పే మనిషి మీద పిల్లాడు ఏమని ఫిర్యాదు చేస్తాడు? చెప్పినా "అన్నయ్య అలాంటివాడు కాదురా" అంటారేమోనని వాడి భయం.

కాబట్టి చివరి పిల్లాడు గేటు దాటేదాకా ఇద్దరు పెద్దలు ఉండి తీరాలి. ఇద్దరంటే ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు. ఒకే ఇంటివాళ్ళు, విడదీయరాని దోస్తులు ఒక్కరికిందే లెక్క. తాళం వేసే డ్యూటీ రోజుకొకరికి మార్చండి. పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరు వంతులవారీగా ఆఖరిదాకా కూర్చుంటే ఇంకా మంచిది. ఆ అరగంట ఇవ్వడానికి మనుషులు దొరక్కపోతే క్యాంపు గంట ముందే ముగించండి. అదీ కుదరకపోతే క్యాంపు పెట్టకండి.

నిజాయితీగా నేర్పే వాలంటీరుకి కూడా ఇదే మేలు. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే పక్కన సాక్షి ఉంటాడు. ఈ మాట చెబితే మంచివాళ్ళెవరూ నొచ్చుకోరు. నొచ్చుకునేవాడి మీద కాస్త కన్నేసి ఉంచండి.

గేటు దగ్గర రిజిస్టరు పెట్టండి: పిల్లాడి పేరు, తీసుకెళ్ళినవాళ్ళ పేరు, టైము, సంతకం. కొత్త మనిషి వచ్చి "నేను వాళ్ళ బాబాయిని" అంటే, రిజిస్టర్లో ఉన్న తల్లి నంబరుకి ఫోన్ చేశాకే పంపాలి. పిల్లాడు "అవును, బాబాయే" అన్నా సరే.

తల్లిదండ్రులకి ఒక మాట. ఆలస్యమైతే వాలంటీరుకి కాదు, అదే క్యాంపుకి వచ్చే ఇంకో పిల్లాడి అమ్మకి ఫోన్ చేయండి. ఇద్దరు పిల్లలూ ఆవిడతో కలిసి వెళ్ళిపోతారు. వాలంటీరు బండి మీద పిల్లాణ్ణి ఒంటరిగా ఎక్కించకండి. వాన పడుతున్నా ఎక్కించకండి.

ఇక మిగతావి

పిల్లలకి వాలంటీరు విడిగా వాట్సాప్ మెసేజ్ పెట్టకూడదు. ఏ కబురైనా తల్లిదండ్రులున్న గ్రూపులోనే.

ఒక్క పిల్లకే చాక్లెట్లు, ఒక్క పిల్లాడికే ఫోన్లో గేములు అంటే అక్కడే ఆపండి. "ఇంట్లో చెప్పకు" అన్న మాట వాలంటీరు నోట వినిపిస్తే అదే అతని ఆఖరి రోజు.

స్పెషల్ కోచింగ్ అని ఒక్కణ్ణే గదిలో కూర్చోబెట్టడం కుదరదు. టోర్నమెంటు ఉన్నా కుదరదు. హాల్లోనే ఓ మూల కూర్చుని నేర్పుకోవచ్చు.

తలుపులు బార్లా తీసి ఉండాలి. ఏసీ చల్లదనం పోతుందంటే పోనివ్వండి.

చిన్నపిల్లలు బాత్రూమ్‌కి ఇద్దరేసి వెళ్ళాలి, పెద్దవాళ్ళు బయటే నిలబడాలి.

రుషికొండకో యారాడకో తీసుకెళ్తే పిల్లల్ని నీళ్ళలోకి దింపకండి. ఒడ్డున ప్రశాంతంగా కనిపించే చోటే లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. తడిసిన బట్టలు మార్చుకోవడం పిల్లల పని, సాయం కావాలంటే వాళ్ళమ్మ చేస్తుంది.

అరకు ట్రిప్పులో రాత్రి బస ఉంటే పిల్లల గదిలో ఒంటరి వాలంటీరు పడుకోకూడదు. తిరుగు ప్రయాణంలో స్టేషన్‌కి చేరేసరికి రాత్రవుతుంది. అందరూ ఆటోలెక్కి వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీద ఎవరు మిగిలారో చూడండి. అక్కడా అదే రూలు: చివరి పిల్లాడి దగ్గర ఇద్దరు.

ఫోటోలు క్యాంపు ఫోన్‌తోనే తీయాలి. సొంత ఫోన్లలో వద్దు.

మగపిల్లాడే కదా అని వదిలేయకండి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టానికి ఆడ, మగ తేడా లేదు, 18 ఏళ్ళు నిండనివాళ్ళందరూ దాని కిందికి వస్తారు. మన ఇళ్ళలో ఆడపిల్లని ఆరింటికల్లా తెచ్చేసుకుని, మగపిల్లాణ్ణి ఏడు దాకా అక్కడే ఉంచుతాం.

పిల్లాడు ఏదైనా చెబితే మధ్యలో ఆపకండి. "నువ్వెందుకు వెళ్ళావు?" అనకండి. పదిమంది ముందు పదిసార్లు చెప్పించకండి. వాడు చెప్పినది వాడి మాటల్లోనే రాసి, తారీఖు వేసి పెట్టుకోండి.

ఆ మనిషిని పిలిపించి మీరే పంచాయతీ చేయకండి. కమిటీ మీటింగు పెట్టకండి. గ్రూపులో పిల్లాడి పేరు రాయకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఎమర్జెన్సీ నంబరు 112కి గానీ ఫోన్ చేయండి, లేదా నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి.

స్టేషన్ అంటే భయపడేవాళ్ళకి: 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల వాంగ్మూలం ఇంటి దగ్గర గానీ వాళ్ళు కోరిన చోట గానీ తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై హోదాకి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో ఉండకూడదు. పిల్లల్ని రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ళ మీద కేసు పెట్టడం కుదరదు.

పరువు గురించి ఆలోచించే పెద్దలకి: నేరం జరిగిందని తెలిసినా, జరిగేలా ఉందని భయం కలిగినా చెప్పి తీరాలని అదే చట్టంలో 19వ సెక్షన్. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని కప్పెడితే ఏడాది దాకా. "రేపటినుంచి రావద్దు" అని పంపేస్తే చట్టం దృష్టిలో అది పరిష్కారం కాదు. అతను ఇంకో కాలనీకి వెళ్తాడు, అక్కడా ఆరూ నలభై అవుతుంది.

క్యాంపు మొదలయ్యే ముందురోజు తల్లిదండ్రులందర్నీ పిలిచి ఇవన్నీ చదివి వినిపించండి, వాలంటీర్లని ముందు వరసలో కూర్చోబెట్టి. రోజూ ఆఖరిదాకా ఉండే ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు నోటీసు బోర్డు మీద రాయండి. ఆ ఇద్దరిలో ఒకరు రాని రోజు క్లాసు రద్దు.